మా బావ వెతికిన ఘనమూలం

మా బావ కాటమరాజుకు లెక్కలు రావని మార్కాపురంలో ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. రాకపోతే ఏ గొడవా ఉండేది కాదు. హాయిగా కొమరోలులో గొర్రెలు కాసుకునేవాడు. మా చెల్లెలు తిరుపతమ్మను ఇంకెవరికైనా ఇచ్చేవాళ్ళం. లెక్కలు రావడం వల్లనే వచ్చింది ఇదంతా. పైగా మామూలుగా రావడం కాదు, అవసరానికి మించి వచ్చేశాయి. పప్పులో ఉప్పు ఎక్కువైతే ఏమవుతుందో అందరికీ తెలుసు. బుర్రలో లెక్కలు ఎక్కువైతే ఏమవుతుందో తెలియాలంటే మా బావ సంగతి వినాలి.

నా పేరు కొండన్న. మాదీ గొర్రెల కులమే గాని మా నాయన కాలంలోనే గొర్రెల్ని వదిలేసి మార్కాపురం వచ్చి పలకల రాయి పట్టుకున్నాం. గొర్రె పారిపోతుంది, రోగం వస్తే చస్తుంది, రాయికి ఆ రెండు బాధలూ లేవని మా నాయన లెక్క. గనిలోంచి వచ్చిన రాయిని పొరలుగా చీల్చి, కోసి, మెరుగుపెట్టి, చుట్టూ చెక్క బిగిస్తే పలక. మన దేశంలో పిల్లకాయలు అ ఆలు దిద్దుకునే పలకల్లో చాలావాటికి నేను అపరాధిని. బొంబాయి దాకా పంపిస్తాం కాబట్టి ఇంగ్లీషులో మోసపోయేటంత ఇంగ్లీషు నాకూ వచ్చు.

కాటమరాజు నాయన నాగయ్యది కొమరోలు. పెద్ద మంద. కోత అయిన చేలల్లో మంద కట్టి, ఎరువు ఇచ్చి, రైతుల దగ్గర గింజలు తీసుకోవడం, ఎండలు ముదిరితే మందను నల్లమలలోకి తోలుకుపోవడం ఆయన బతుకు. ఆయనకు ఒక నియమం ఉంది. ఒక చేను మేత పూర్తిగా అయ్యేదాకా మందను పక్క చేలోకి అడుగు పెట్టనివ్వడు. "సగం మేసిన గొర్రెకు మళ్ళా యాడా నోరు నిలవదు రా. ఈ చేను శుభ్రం చేసినాకనే ఆ చేను" అనేవాడు. గొర్రెలకు చెప్పిన ఆ మాట గొర్రెలు విన్నాయో లేదో గాని, వెనక కర్ర పట్టుకుని నిలబడ్డ కొడుకు మాత్రం బుద్ధిగా విన్నాడు. మా కొంప ముంచింది ఆ వినడమే.

కొడుకును బడికి పంపింది చదువు మీద మోజుతో కాదు. మంద దగ్గర పనికిరాక. ఒక గొర్రె తప్పిపోతే వెతకడానికి పోకుండా, అది ఏ వైపు పోయి ఉంటుంది, ఎంత దూరం పోయి ఉంటుంది అని నేల మీద గీతలు గీస్తూ కూర్చునేవాడట. గీతలు అయ్యేలోపల తోడేలు కూడా తన లెక్క తాను పూర్తి చేసుకునేది. పనికిరానివాణ్ణి బడికి పంపడం మా వైపు ఆచారం కాబట్టి నాగయ్య పంపాడు. కొమరోలు అయింది, గిద్దలూరు అయింది, మార్కాపురం హైస్కూలు అయింది, ఆఖరికి అనంతపురంలో బి.ఏ. దాకా పోయాడు. గొర్రెలవాళ్ళ ఇంట్లో ఒకడు బి.ఏ. చదువుతున్నాడంటే తాలూకా అంతా నోరు తెరిచింది. అదే అదును అని మా నాయన తిరుపతమ్మను ఇచ్చి పెళ్ళి చేశాడు.

ఇక పుస్తకం చదవడం సంగతి. మా బావ పుస్తకాన్ని చేను మాదిరి చదువుతాడు. ఒక పుటలో ఉన్నది గడ్డిపరక మిగలకుండా మేసిన తరువాతనే రెండో పుట. అర్థం కాని మాట ఒక్కటి ఉన్నా పుట తిరగదు. ముందు ఏముందో తొంగి చూడటం కూడా ఆయన దృష్టిలో పక్కవాడి చేలో గొర్రెను వదలడమే. ఇట్లా చదివినవాడు ఏ పుటలో ఏం అడిగినా తడుముకోకుండా చెప్పగలడు. చిక్కల్లా, అడిగేవాళ్ళు చదవని పుటల్లోంచి కూడా అడుగుతారు. ఇంగ్లీషు, సంస్కృతం పాసై, లెక్కల భాగంలో తప్పాడు. మళ్ళీ కట్టాడు, మళ్ళీ తప్పాడు. తప్పినా బి.ఏ. దాకా చదివాడు కాబట్టి మార్కాపురం హైస్కూల్లో లెక్కల మాస్టరుగా తాత్కాలికంగా వేసుకున్నారు. మన రాజ్యంలో తాత్కాలికం అంటే ఎవరికీ గుర్తు రానంతకాలం శాశ్వతమే.

ఆయన ఆగిపోయిన పుట ఏదంటే, ఘన సమీకరణాలు. నాకు అర్థమైనంత చెబుతాను. నాకే అర్థమైందంటే ఎవరికైనా అవుతుంది.

ఒక అంకె ఉంది. దాన్ని దానితోనే మూడుసార్లు వేసి గుణిస్తే వచ్చేది, దానికి పదిహేను రెట్లకు పైన నాలుగు కలిపితే వచ్చేదానికి సమానం. ఏమిటా అంకె? నాలుగు. నాలుగు నాలుగుల నాలుగులు అరవై నాలుగు. పదిహేను నాలుగులు అరవై, పైన నాలుగు, అరవై నాలుగు. అయిపోయింది. చేతులు కడుక్కుని అన్నానికి లేవచ్చు.

కాని పరీక్షలో అట్లా లేవనివ్వరు. కార్డన్ అని ఎప్పుడో ఇటలీలో ఒకాయన ఒక పద్ధతి చెప్పాడట, ఆ పద్ధతిలోనే చెయ్యాలి. ఆ దారిలో నాలుగడుగులు వేస్తే ఒక వింత అంకె ఎదురవుతుంది. రెండు, దాని పక్కన మైనస్ ఒకటికి వర్గమూలం పదకొండు రెట్లు. మైనస్ ఒకటికి వర్గమూలమే లేదు. లేనిదానికి పదకొండు రెట్లు. ఆ మొత్తానికి ఇప్పుడు ఘనమూలం తియ్యాలి, అంటే ఏ అంకెను మూడుసార్లు గుణిస్తే ఇది వస్తుందో చెప్పాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అనంతపురంలో మేష్టరు ఆ చోటికి రాగానే "చూడగా, రెండు ప్లస్ ఐ" అని బోర్డు మీద రాశాడట. ఐ అంటే ఆ లేని వర్గమూలం. గుణించి చూస్తే సరిపోయింది. దీనికి జోడుగా వచ్చే రెండు మైనస్ ఐని కలిపితే ఐలు రెండూ కొట్టుకుపోయి నాలుగు మిగిలింది. క్లాసంతా రాసుకుంది.

మా బావ లేచి, "ఎట్ల చూసినారు సార్?" అని అడిగాడు.

"చూస్తే తెలుస్తుందోయ్" అన్నాడు ఆయన.

"చూస్తే తెలిసేదుంటే మొదట్లోనే నాలుగు అని చూసుకుంటిమి గదా సార్. ఇంత దూరం రావడం ఎందుకు?"

ఆయన కూర్చోమన్నాడు. మా బావ కూర్చున్నాడు గాని మనసు అక్కడే నిలబడిపోయింది. అడిగినదాంట్లో న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను. న్యాయం ఉన్నచోటే కదా మనిషి నాశనమయ్యేది. మొదటిసారి పరీక్షలో ఇట్లాంటి లెక్కే వచ్చింది. చూసి చెప్పకుండా ఆ ఘనమూలం తీస్తానని కూర్చున్నాడు, గంట కొట్టేదాకా కూర్చునే ఉన్నాడు. తక్కిన ప్రశ్నలన్నీ ఆయన కోసం ఎదురుచూసి ఎదురుచూసి వెళ్ళిపోయాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం విన్నాం. మా బావ చంకలో పిల్ల ఉన్నదని తెలిసి కూడా, కిందికి చూడటం ధర్మం కాదని ఊరంతా వెతికే రకం.

ఇట్లా జరుగుతుండగా హైస్కూలుకు కొత్త హెడ్మాస్టరు కొండలరావు గారు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, చొక్కాకు ఇస్త్రీ తప్పనివాడు. వచ్చిన ఏడాదే జిల్లా బోర్డు నుంచి ఉత్తర్వు కూడా వచ్చింది. డిగ్రీ లేని తాత్కాలికపు మాస్టర్లు వచ్చే పరీక్షల్లో పాసైతే ఉంటారు, లేకపోతే ఇంటికి. ఆయన మా బావను పిలిచి, "మీ మీద నాకు గౌరవమేనండీ, కాని మీ క్లాసులో ఏడాదికి సగం పుస్తకం కూడా కాలేదు. పాసవ్వండి. లేకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు" అన్నాడు. మంచిగానే చెప్పాడు. మంచిగా చెప్పిన మాటకు ఎదురు తిరగడానికి కూడా ఉండదు.

ఇల్లు అంటే కొమరోలు. నాగయ్యకు మోకాళ్ళు పోయాయి, మంద వెనక నడవలేకపోతున్నాడు. "ఉద్యోగం పోతే పోనీలే, వచ్చి మంద చూసుకో" అని కబురు పెట్టాడు. ఆయనకు అందులో తప్పేమీ కనపడలేదు. మా చెల్లెలికి మాత్రం గుండె జారిపోయింది.

"అన్నా, గొర్రెలంటే నాకు చీదర గాదు" అంది నాతో. "ఎండాకాలం వస్తే మొగోళ్ళు మందతో నల్లమలలోకి పోతారు. వానలు పడేదాకా మనిషి కనపడడు. ఉన్నాడో, జరమొచ్చి పడిపోయినాడో తెలీదు. మా అత్త గోవిందమ్మను చూసినా గదా, ముప్పై ఏండ్లు గడపలో కూచుని అడివి పక్క చూసింది. నావల్ల గాదు. ఆయన నాకు ఇంట్లో ఉండాల."

అంత సూటిగా ఒక ఆడది మొగుడు కావాలని చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు నుంచి మా బావ పాసుకావడం నా సొంత పని అయింది.

ఆయన చదువుకు నేను చేసిన సాయం పలకలు. కాగితం మీద రాస్తే ఖర్చు. మా షెడ్డు వెనక అంచు విరిగినవి, మూల పోయినవి గుట్టగా పడి ఉంటాయి. మార్కాపురంలో అట్లాంటి పలకలతో గోడ కడతారు, కోళ్ళ గూడు కప్పుతారు, బండి చక్రం కింద పెడతారు. బావ వాటి మీద లెక్కలు మొదలుపెట్టాడు. వరండాలో వరసగా పరిచి ఒకదాని మీద లెక్క చేసి, ఆఖరి వరస మాత్రం రెండో పలక మీదికి ఎక్కించి, మొదటిది తుడిచెయ్యడం. తుడిచే పని తిరుపతమ్మది. తడిబట్ట పట్టుకుని ఆమె వెనకనే నడిచేది. దంపతులు అట్లా పగలంతా వరండా ఈ కొస నుంచి ఆ కొసకు లెక్క వేసుకుంటూ, తుడుచుకుంటూ పోయేవాళ్ళు. చూసినవాళ్ళకు ఏదో పూజ జరుగుతున్నట్టు ఉండేది.

"ఏం చేస్తున్నావు బావా?" అని అడిగాను ఒకనాడు.

"దారి దొరికింది బావా" అన్నాడు, మొహం వెలిగిపోతూ. ఆ ఘనమూలంలో ఐ లేని భాగానికి ఒక అక్షరం పేరు పెట్టి, చూడకుండా, ఊహించకుండా, న్యాయంగా నడిపిస్తే ఒక కొత్త సమీకరణం వచ్చిందట. దాన్ని సాధిస్తే ఘనమూలం చేతికొచ్చినట్టే.

"ఆ కొత్తది ఏ జాతిది?"

"అదీ ఘన సమీకరణమే."

"దాన్ని ఎట్ల సాధిస్తావు?"

"కార్డన్ పద్ధతిలో" అన్నాడు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. కొత్తదాన్ని కార్డన్ పద్ధతిలో పెడితే ఇంకో వింత అంకె వచ్చింది, దానికీ ఘనమూలం తియ్యాలి. దానికి అక్షరం పెడితే మూడో సమీకరణం. దానికి ఇంకొకటి. ప్రతిసారీ అంకెలు వేరుగా కనపడేవి, చిన్నవయ్యేవి, సగాలు, పావులు, అరపావులు అయ్యేవి. చిన్నవవుతున్నాయి కాబట్టి ముగింపు దగ్గరికి వస్తున్నదని ఆయన నమ్మకం. ముందు రాసింది ముందు తుడిచేస్తున్నారు కాబట్టి వెనక్కి తిరిగి చూసుకునేందుకు ఏమీ లేదు. ఎక్కడి నుంచి బయలుదేరాడో చెప్పే పలక ఒక్కటీ ఇంట్లో మిగల్లేదు. రాళ్ళ ఊళ్ళో పుట్టిన తెలివి ఇది. కాగితాల ఊళ్ళో ఎవడికీ రాదు.

మధ్యలో ఒకసారి బలపం అయిపోయింది. లెక్క ఆగకూడదని మెరుగు పెట్టని ముడిరాయి ఒకటి తీసుకుని మేకుతో గీకాడు. అది బట్టతో తుడిస్తే పోదు. తిరుపతమ్మ రెండుసార్లు తుడిచి, విసుగుపుట్టి, తీసుకుపోయి మజ్జిగ కుండ మీద మూత పెట్టింది. సంసారం జరగాలి గదా.

చాలా రోజుల తరువాత అన్నం తింటూ మజ్జిగ పోసుకుందామని మూత తీసిన మనిషి మూత పట్టుకునే ఉండిపోయాడు. నేను పక్కనే కూర్చున్నాను. అన్నంలో చెయ్యి ఎండిపోయింది. లేచి వరండాలోకి పోయి, అప్పుడు చేస్తున్న పలక పక్కన ఆ మూతను పెట్టాడు. పలక మీది అంకెకు నాలుగు రెట్లు వేస్తే, ముక్కకు ముక్క మూత మీది సమీకరణమే. దానికి మళ్ళీ రెట్టింపు వేసి చూశాడు. అరవై నాలుగు, అరవై, నాలుగు. మొట్టమొదటి లెక్క. అదే మనిషి ప్రతి మలుపులోనూ తలపాగా మార్చుకుని ఎదురొచ్చాడు, మా బావ ప్రతిసారీ కొత్త చుట్టమనుకుని నమస్కారం పెట్టాడు. సమీకరణం సాధించాలంటే ఘనమూలం కావాలి. ఘనమూలం కావాలంటే అదే సమీకరణం సాధించాలి. గానుగెద్దు ఇంతకంటే దూరం పోయి ఉంటుంది.

ఏడుస్తాడేమోననుకున్నాను. ఆయన మొహంలో నవ్వు.

"దారి లేదు బావా" అన్నాడు. "ఇది తిరిగి తిరిగి ఇక్కడికే వస్తది. ఇది ఎవరికీ తెలిసినట్టు లేదు. మద్రాసు యూనివర్సిటీకి రాయాల."

కొండను తవ్వి ఎలుకను పట్టినవాడి చేతిలో కనీసం ఎలుక ఉంటుంది. కొండలో ఎలుక లేదని కనిపెట్టి పండగ చేసుకున్నవాణ్ణి అప్పుడే చూశాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పరీక్ష దగ్గరపడింది, మా చెల్లెలు దేవుళ్ళందరికీ మొక్కుకుంటోంది, ఈయన దారి లేదని మద్రాసుకు జాబు రాస్తాడట. కోపంతో ఆ పుస్తకం లాక్కున్నాను. ఆ పుట మూలలు నలిగి నల్లబడి గుడ్డపేలిక మాదిరి అయింది. దాని తరువాత పుటలు అంగడిలోంచి తెచ్చినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లానే ఉన్నాయి. ఊరికే, విసుగుతో, ఒక్క పుట తిప్పాను.

పైనే ఉంది, చిన్న అక్షరాల్లో. నేను కూడబలుక్కుని చదివాను. మూడు జవాబులూ మామూలు అంకెలే అయిన సమీకరణాలకు ఈ ఘనమూలాన్ని బీజగణిత పద్ధతిలో తీయడం సాధ్యం కాదు, ప్రయత్నిస్తే మొదటి సమీకరణమే తిరిగి వస్తుంది, ఈ సంగతి చాలాకాలంగా తెలిసిందే, కాబట్టి విద్యార్థి త్రికోణమితి పట్టికలు చూసుకోవలెను.

చాలాకాలంగా తెలిసిందే. ఆ మాట దగ్గర నా గొంతు కూడా తగ్గింది. మా చెల్లెలు తడిబట్ట చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటోంది.

"అయితే నేను చేసింది రైటే" అన్నాడు బావ.

అంతే అన్నాడు. ఇన్నేళ్ళు నష్టపోయినందుకు బాధ లేదు, పుట తిప్పనందుకు సిగ్గు లేదు. ఆ పుస్తకం రాసినవాడెవడో తనతో ఏకీభవించాడని సంతోషం. ఆ మనిషిని ఏం చెయ్యాలి? కొట్టాలా, దండం పెట్టాలా? నాకు ఈ రోజుకీ తెలియదు.

ఏం చెయ్యాలో తిరుపతమ్మకు తెలిసింది. బట్ట అవతల పారేసి వచ్చి, పుస్తకంలో ఆ పుట నుంచి చివరి అట్ట దాకా బొటనవేలితోనూ చూపుడువేలితోనూ పట్టుకుని చూసింది. మందం చాలానే ఉంది.

"ఇవన్నీ పరీక్షకు వచ్చేవేనా?"

"వచ్చేవే."

"చూడను గూడా చూళ్ళే?"

"ఈ పుట కాకుండా అవి ఎట్ల చూస్తాను?"

మర్నాడు పొద్దున్నే చింతపండు గంప తెచ్చుకుని ఆయనకు ఎదురుగా కూర్చుంది. ఒళ్ళో ఇంత చింతపండు పోసుకుని గింజలు తీయడం. ఒళ్ళో ఉన్నది అయిపోతే చెయ్యి చాచి పుట తిప్పెయ్యడం. అందులో ఉన్నది ఆయన బుర్రకు ఎక్కిందా లేదా అనేది ఆమెకు సంబంధం లేదు. అక్షరం ముక్క రాని మా చెల్లెలు ఆ విధంగా మా బావకు బి.ఏ. చెప్పింది.

"ఉండు, ఇంకా అర్థం కాలే" అనేవాడు ఆయన పుట మీద చెయ్యి అడ్డం పెట్టి.

"గింజలు అయిపోయినయ్. తియ్యి చెయ్యి."

"ఇది సగమే మేసినట్టు తిరుపతమ్మా."

"సగం కడుపుతో బతికిన గొర్రెలు లేవా? నడువు."

ఆ చింతపండు వాసన మధ్య, చెయ్యి అడ్డం పెడుతూ, చెయ్యి లాగేయించుకుంటూ, ఆయన పుస్తకం చివరి అట్టకు చేరాడు. నేను చూస్తుండగానే మనిషి చిక్కిపోయాడు. అర్థమయ్యీ కానట్టున్న సంగతులు బుర్రలో పెట్టుకుని నిద్రపోవడం ఆయనకు అలవాటు లేదు. మాలాంటివాళ్ళం పుట్టినప్పటి నుంచి అట్లానే నిద్రపోతున్నాం కాబట్టి మాకేమీ కాదు.

అనంతపురం పోయి పరీక్ష రాసి వచ్చాడు. నేను స్టేషనుకు బండి తోలుకుపోయాను. రైలు దిగి బండెక్కి కూర్చున్నాడు.

"ఆ లెక్క వచ్చిందా బావా?" అని నేనే అడిగాను.

"వచ్చింది. అంకెలు వేరే."

"ఏం చేసినావు?"

"చూసినాను, రాసినాను."

"ఏం చూసినావు?"

"జవాబు" అన్నాడు, పక్కింటి కోడిని పట్టుకున్నవాడి మాదిరి తల దించుకుని. "ఘనమూలం 'చూడగా' అని రాసి, గుణించి చూపించి, రెండో ప్రశ్నకు పోయినాను. అన్ని ప్రశ్నలూ రాసినాను బావా. ఒక్కటీ పూర్తిగా తెలిసి రాయలే."

"అందరూ అట్లనే రాస్తారులే" అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను.

పేపర్లో నంబరు వచ్చింది. థర్డ్ క్లాసు. తిరుపతమ్మ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. కొండలరావు గారు బడిలో అందరి ముందూ చెయ్యి కలిపాడు. నాగయ్య కొమరోలు నుంచి ఒక పొట్టేలును తెచ్చి కోయించి ఊరికి పెట్టాడు. భోజనాలయ్యాక కొడుకును పిలిచి, "ఇంక నువ్వు రావు గదా నాయనా. మందను మన పెద్దమల్లయ్యకు ఇచ్చేస్తున్నా" అన్నాడు. పెద్దమల్లయ్య ఆయన తమ్ముడి కొడుకు. బావ సరేనన్నాడు. ముసలాయన కాసేపు ఇంకేమైనా అంటాడేమోనని చూసి, కర్ర పట్టుకుని లేచిపోయాడు.

ఉద్యోగం ఖాయమైంది. అప్పటి నుంచి మా బావ క్లాసులో పాఠాలు పరుగెత్తుతున్నాయని పేరొచ్చింది. పరీక్షల ముందే పుస్తకం అయిపోతుంది, పిల్లలు పాసవుతారు, కొండలరావు గారు ఎవరొచ్చినా "మా కాటమరాజు గారు" అని చూపిస్తాడు. ఒకసారి పలకలు దించడానికి బడికి పోయినప్పుడు కిటికీ బయట నిలబడి విన్నాను. "ఇది పరీక్షకు రాదు, వదిలేయండి. తరువాత పుట తిప్పండి" అంటున్నాడు. ఆ గొంతు మా బావదే. మార్కాపురంలో పుటలు తిప్పేవాళ్ళకు కరువా? వీధికి పదిమంది ఉన్నాం. తిప్పనివాడు ఒక్కడుండేవాడు. వాణ్ణి అందరం కలిసి, మంచికోరి, చింతపండు గింజలతో కొట్టి దారిలో పెట్టాం. మా చెల్లెలి మీద కోపం లేదు. ఎవరి మీద ఉండాలో తెలియని కోపం మనిషికి మంచిది కాదని మాత్రం ఆ రోజు తెలిసింది.

ఆ వారంలోనే వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాం. ఎండలు మొదలయ్యాయి. పెద్దమల్లయ్య మందను నల్లమలకు తోలుకుపోయాడని కబురు వచ్చి ఉంది. ఊరుకోలేని నోరు కదా నాది, "అదృష్టవంతుడివి బావా. పాసు కాకుంటే ఈపాటికి నువ్వు గూడా అడివిలో గొర్రెల ఎనక ఉండేటోడివి" అన్నాను.

"ఉండేటోణ్ణి" అన్నాడు. ముద్ద కలుపుతూ ఆగాడు. "ఆ త్రికోణమితి పట్టికలు ఉన్నాయే బావా, వాటిని పూర్తిగా చూడలేకపోతిని. కోణాన్ని మూడు ముక్కలు చేస్తే ఆ ఘనమూలం ఎందుకు వస్తదో, అది తెలుసుకోవాలని ఉండె. ఇప్పుడు బడి, పాఠాలు, దిద్దే కాగితాలు. గొర్రెల కాడైతే టైము ఉండేది. పొద్దునుంచి పొద్దుగూకేదాకా ఆకాశం కింద కూచోవడమే గదా. పాసై తప్పు చేసినానేమో అనిపిస్తది ఒక్కోసారి."

ఇంత నెమ్మదిగా, ఇంత మామూలుగా ఆ మాట అన్నాడు. తిరుపతమ్మ గరిటె పట్టుకుని అక్కడే ఉంది. ఇప్పుడు అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"టైము ఉండేది" అంది ఆమె. "నేను ఉండేదాన్ని గాదు."

బావ ఆమె మొహం వైపు చూశాడు. పలక వైపు చూసినంత సేపు ఆ మొహం వైపు చూడగా నేనెప్పుడూ ఎరగను.

"అది నేను లెక్కలో వేసుకోలే" అన్నాడు.

"ఎప్పుడు వేసుకున్నావు గనక" అని, ఆమె ఇంకొంచెం పప్పు వడ్డించింది.